గచ్చు మీద మూడు గీతలు

హైదరాబాదు వెళ్లి వచ్చావు కదా, గోలకొండ చూశావా అని మా బందరులో అడగనివారు లేరు. చూడలేదు. చార్మినారు కింద నుంచి నాలుగైదుసార్లు వెళ్లాను గాని, తల ఎత్తి తీరిగ్గా చూసిన గుర్తు లేదు. నేను చూసింది పాతబస్తీలో ఒక మూల, ఒక చెరువు గట్టు, ఒక ఆసుపత్రి వరండా. వెళ్లేటప్పుడే అలసిపోయి ఉన్నాను. వచ్చేటప్పటికి ఇంకా అలసిపోయాను. అయినా ఆ ప్రయాణం గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను ఇక్కడి కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు నా స్నేహితురాలు శారద కూడా ఆఫీసు కాగితాలతో పాటు అక్కడికి మారింది. పాతబస్తీలో ఛత్రినాక అనే పేటలో, ఒక పాలవాళ్ల ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకుంది. "ఇక్కడి చెరువులో కొర్రమీను తన పిల్లలను కాపలా కాయడం గట్టు మీద నుంచే కనిపిస్తుందట. నీకు పనికొస్తుంది. ఆ వంకనైనా వచ్చి నాలుగు రోజులు పడుకో" అని కబురు పెట్టింది. మా కాలువల నీళ్లు బురద. ఆ చేప కాపలా సంగతి పాఠంగా చెప్పడమే గాని నేను కళ్లతో చూడలేదు. ఆషాఢమాసంలో సెలవు పెట్టి రైలెక్కాను.

నాంపల్లి నుంచి పత్తర్‌గట్టి

స్టేషను బయట రిక్షా అతను "కహాఁ జానా అమ్మా?" అన్నాడు. నేను హిందీ పరీక్షలు రెండు ప్యాసయినదాన్ని. ఆ ధైర్యంతో వ్యాకరణం తప్పకుండా ఒక పొడుగాటి వాక్యం చెప్పాను. అతను ఓపికగా అంతా విని, "తెలుగుల చెప్పున్రి అమ్మా, నాకు తెలుగొస్తది" అన్నాడు.

సన్నగా వాన. రిక్షా మీద కప్పిన గుడ్డ చిరిగి నా భుజం మీదే ధార కట్టింది. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త కావడంతో దిగేటప్పుడు లెక్క నాకూ తెలియలేదు, అతనికీ తెలియలేదు. పక్క దుకాణంలో అత్తరు అమ్మే పెద్దాయన బయటికి వచ్చి ఇద్దరికీ తీర్పు చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

పత్తర్‌గట్టిలో రోడ్డుకు రెండు పక్కలా రాతి కమానులు, వాటి కింద దుకాణాలు. శారద ఒక కమాను కింద గొడుగుతో నిలబడి ఉంది. నన్ను చూడగానే "ఏమిటే, ఇలా అయిపోయావు?" అంది. నేను కూడా ఆమెను అదే అడగబోయాను. ఇద్దరం ఇరానీ హోటలులో ఆడవాళ్ల కోసం తెర కట్టిన గదిలో కూర్చుని చాయ్ తాగాం. అంత చిక్కటి, అంత తియ్యటి టీ మా వైపు ఎవరైనా ఇస్తే పాయసమనుకుంటాం. కాఫీ లేక నొప్పి పుడుతున్న నా తల ఆ టీతో ఏమీ తగ్గలేదు.

ఛత్రినాక

ఇంటి యజమానురాలి పేరు మల్లమ్మ. అరవై దాటిన మనిషి, నడుము కొద్దిగా వంగింది. వాకిట్లో కొట్టం, కొట్టంలో బర్రెలు. కొడుకు ఐలయ్య తెల్లవారుజామునే సైకిలుకు పాల క్యాన్లు కట్టుకుని వెళ్తే మధ్యాహ్నానికి గాని రాడు. కోడలు యాదమ్మకు పాతికేళ్లుంటాయి. కళ్ల కింద తెల్లగా పాలిపోయిన చర్మం చూస్తే ఒంట్లో రక్తం లేదని డాక్టరు కాని నాకే తెలిసింది. ఆమెకు మల్లేశు అని ఐదేళ్ల కొడుకు, చంకలో ఏడు నెలల ఆడపిల్ల.

"ఏడికెల్లి అచ్చినవమ్మా?" అంది మల్లమ్మ.

"బందరు నుంచి పెద్దమ్మా. సముద్రం దగ్గర."

"గంత దూరంకెల్లి చేపలను చూసెటందుకు అచ్చినవా? మీ సముద్రంల చేపలు లెవ్వా?"

ఆమె వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

పిల్ల పేరు అడిగితే పెంటమ్మ అన్నారు. పుట్టినవాళ్లు వరసగా పోతుంటే, తరవాత పుట్టిన బిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఒక దొర్లు దొర్లించి తెచ్చుకుని ఆ పేరు పెడతారు. పారేసిన బిడ్డ కాబట్టి చావు కన్ను పడదని. మా వైపు కూడా ఈ ఆచారం ఉంది, మా వీధిలోనే ఒక పెంటయ్య, ఒక పుల్లయ్య ఉన్నారు. మాకూ వాళ్లకూ కూరగాయల పేర్లు కలవవని తరవాత సంతలో తెలిసింది గాని, ఈ పేర్లు కలిశాయి.

ఆ పూట జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. చేతులతో కొట్టి పలచగా చేసిన రొట్టె. తుంచడం చేతకాక నేను అవస్థ పడుతుంటే యాదమ్మ నవ్వి, ముక్కలు చేసి పాలల్లో వేసి పిల్లలకు పెట్టినట్టు పెట్టింది. ఆమె నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

మీరాలం చెరువు

మర్నాడు శారద ఆఫీసుకు వెళ్తూ నన్ను చెరువు దగ్గర ఎల్లయ్య అనే చేపలు పట్టే ఆయనకు అప్పగించింది. ఎల్లయ్య మాటల పొదుపరి. గట్టు వెంట నడిపించి ఒకచోట ఆగి వేలు చూపించాడు.

తూడు మొక్కల మధ్య నీళ్ల మీద ఎర్రటి మరక. గుప్పెడు కుంకుమ చల్లినట్టుంది. దగ్గరగా చూస్తే మరక కదులుతోంది. బియ్యపుగింజలంత చేపపిల్లలు వేలకొద్దీ ఒకదానికొకటి రాసుకుంటూ ఉబుకుతున్నాయి. వాటి కింద, నీళ్లలో నల్లగా ఒక నీడ. పిల్లలు ఎటు జరిగితే నీడ అటు జరుగుతోంది.

"తల్లా, తండ్రా?" అన్నాను.

"ఎవలైతేంది, ఇడిచిపెట్టి పోదు" అన్నాడు ఎల్లయ్య. "కొర్రమట్ట గంతే. బొచ్చె అట్ల గాదు. గుడ్లు పెడ్తది, పోతది. మల్ల తిరిగి సూడది."

నేను క్లాసులో చెప్పేదీ అదే. బొచ్చె లక్షల గుడ్లు పెడుతుంది, ఒక్కదానినీ చూసుకోదు. కొర్రమీను పెట్టేది వేలల్లోనే గాని కాపలా కాస్తుంది. ఏనుగూ బర్రే ఒక్కొక్క బిడ్డనే కని, దాని వెంటే తిరుగుతాయి. ప్రాణం నిలబెట్టుకోవడానికి ఒక్కో జీవి ఒక్కో దారి ఎంచుకుంది అంటాం. ఎంచుకుంది అనే మాట మనం అనేదే. దానికి ఎంచుకునే వీలు ఎక్కడిది?

అరగంట అలా నిలబడ్డాను. ఇంతలో పక్కనే నీళ్లలో ఒక తెప్ప మీద ఉన్న మనిషి ఆ ఎర్రమరకను చూసి నీడ మీదికి ఈటె విసిరాడు. పెద్ద చేప తెప్ప మీద పడి కొట్టుకుంది. పిల్లలు కొంతసేపు ఉన్నచోటే ఉబికాయి. తరవాత అడుగు నుంచి చిన్న చిన్న నోళ్లు లేచాయి. మరక అంచుల నుంచి తరుగుతూ, చీలిపోతూ, నేను చూస్తుండగానే కనబడకుండా పోయింది.

ఎల్లయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఆనికి సుత పిల్లలున్నరమ్మా, ఏం జేస్తడు" అన్నాడు. నేను ఎండలో తిరిగి నడిచి వచ్చాను. ఆ దారి పోయినప్పటి కంటే చాలా పొడుగనిపించింది.

మాదన్నపేట

శనివారం యాదమ్మ కూరగాయలకు వెళ్తూ నన్ను తోడు పిలిచింది. శారదకు కందంటే ఇష్టం కాబట్టి మాదన్నపేట సంతలో "కందగడ్డ కావాలి" అన్నాను. అమ్మే ఆమె తూచి పోసింది. అది చిలగడదుంప! "ఇది కాదు, కంద" అంటే, "గిదే కందగడ్డ. ఇంకేముంటది?" అని ఆమె లొల్లి మొదలుపెట్టింది. ఎవరి తెలుగు సరైనదో తేల్చే ఓపిక నాకు లేదు. ఆ దుంపలే పట్టుకొచ్చి ఉడకేసి తిన్నాం. తియ్యగా ఉన్నాయి.

సాయంత్రం శారద "అసలు నువ్వు చెప్పే ఆ పాఠం ఏమిటే?" అని అడిగింది. వరండా గచ్చు మీద ముగ్గుపిండితో మూడు గీతలు గీశాను. పిల్లను ఒళ్లో వేసుకుని యాదమ్మ కూడా వచ్చి కూర్చుంది.

"గివేంది అక్కా, ముగ్గులా?"

"కాదు యాదమ్మా. ఒకే రోజున వెయ్యి ప్రాణులు పుట్టాయనుకో. ఏడాది గడిచేసరికి ఎన్ని మిగిలాయి, రెండో ఏడు ఎన్ని, ఇలా చుక్కలు పెట్టుకుంటూ పోయి వాటిని కలిపితే గీత అవుతుంది. మనుగడ గీత అనుకో."

"గీ పైది ఎవలది?"

"మనుషులది. చిన్నతనంలో పోయేవాళ్లు కొద్దిమందే. చాలా ఏళ్లు గీత చదునుగా వెళ్లి, ముసలితనంలో ఒక్కసారిగా కిందికి దిగుతుంది."

"నడుమది?"

"పిట్టలది. వాటికి ఏ వయసులోనైనా గండం ఒకేలా ఉంటుంది. ఏటవాలుగా దిగుతూ పోతుంది. ఈ కిందిది చేపలది. పుట్టగానే దాదాపు అన్నీ పోతాయి. చూడు, మొదట్లోనే గోడలా కూలిపోయింది. ఆ గండం దాటిన నాలుగు మాత్రం చాలాకాలం బతుకుతాయి. అందుకే అన్నన్ని గుడ్లు పెడతాయి."

యాదమ్మ చాలాసేపు ఆ కిందిగీతనే చూసింది. తరవాత వేలితో, గీత కూలిన చోట, పిండి చెదరకుండా ముట్టుకుంది.

"నేను ఐదుగుర్ని కన్న అక్కా. ఒకడు పురుట్లనే పోయిండు. ఒకతి కడుపు పోయి పోయింది. ఒకనికి అమ్మవారు పోసింది. యాడాది దాటినోడు మల్లేశొక్కడే. మనిషిది పైగీత అంటివి. మరి నాది చేపల గీత ఎందుకైంది?"

శారద నా వైపు చూసింది. పుస్తకంలో ఆ పైగీత పక్కన మనుషులు అని మాత్రమే ఉంటుంది. ఏ ఊరి మనుషులో ఉండదు. కుళాయి నీళ్లు పసుపురంగులో వచ్చే వీధిలో, డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే ఒక పూట పని పోగొట్టుకోవడమైన ఇంట్లో కొలిచి గీసింది కాదది. చివరికి "నీళ్లు కాచి తాగించు యాదమ్మా" అన్నాను.

"కట్టెలు ఏడికెల్లి తెద్దు? బర్లకు కుడితి కాగాలె, పాలు కాగాలె, అందరికీ రొట్టెలు కాలాలె" అంది ఆమె. నా మీద కోపమేమీ లేదు ఆ గొంతులో.

కొట్టంలో నుంచి మల్లమ్మ అంతా వింటోంది. "గీతలు గీస్తే పిల్లలు నిలుస్తరా పంతులమ్మా? ఇంకిద్దర్ని కనాలె. ఎవలుంటరో, ఎవలు పోతరో ఎవలికెరుక?" అంది. యాదమ్మ పిల్లను భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

బోనాల ఆదివారం

తెల్లవారేసరికి పెంటమ్మకు వాంతులు, విరేచనాలు. ముందు పాలు పడలేదేమో అనుకున్నారు. పొద్దెక్కేసరికి పిల్ల ఏడవడం మానేసింది. కళ్లు లోపలికి పోయాయి. చర్మం పట్టుకుని వదిలితే ముడత అలాగే నిలబడింది.

వీధి నిండా ఆ రోజు పండగ. ఇంటింటా ఆడవాళ్లు కొత్త కుండల్లో అన్నం, బెల్లం, పెరుగు పెట్టి, వేపమండలు చుట్టి, దీపాలతో అమ్మవారికి బోనం ఎత్తుకుంటున్నారు. మల్లమ్మ తలంటు పోసుకుని పసుపు రాసుకుని కుండ ముందు కూర్చుంది.

"ముందుగాల గుడికి పోదాం. అమ్మకు మొక్కి, పిల్ల నొసటికి పసుపు బండారి పెట్టి, గప్పుడు దవాఖానకు పోదాం" అంది.

"లేదత్తా" అంది యాదమ్మ.

ఆ ఇంట్లో ఆ మాట అంతకు ముందు ఎవరైనా అన్నారో లేదో నాకు తెలియదు. మల్లమ్మ చేతిలో వేపమండ అలాగే ఉండిపోయింది.

"నువ్వు బోనమెత్తు అత్తా. అమ్మకు నువ్వు చెప్పు. నేను పిల్లను తీస్కపోత. పోయినసారి గిట్లనే ముందుగాల గుడికి పోయినం. మల్లొచ్చెవరకు పోరికి పానం లేదు. అమ్మది తప్పు కాదు. మనకే ఆలస్యమైంది."

ఐలయ్య పాలకు వెళ్లి ఇంకా రాలేదు. శారద రిక్షా పిలుచుకొచ్చింది. ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. లాల్‌దర్వాజా దగ్గరికి వచ్చేసరికి రిక్షా ముందుకు కదల్లేదు. డప్పులు, జనం, బోనాల వరస. రిక్షా అతను గంట కొట్టి కొట్టి విసిగిపోయాడు. బట్టల దుకాణం అరుగు మీద నుంచి ఒక గడ్డం పెద్దాయన దిగి, "హటో భాయ్! బచ్చీ బీమార్ హై!" అని అరుస్తూ రిక్షా ముందు నడిచాడు. ఆ డప్పుల్లో ఆయన గొంతు ఎంత దూరం పోతుంది?

అప్పుడు పోతరాజు వేషం కట్టిన మనిషి చూశాడు. ఒళ్లంతా పసుపు, కాళ్లకు గజ్జెలు, చేతిలో మోకుతాడంత కొరడా. అమ్మవారి ముందు ఆడుతున్నవాడు ఆట ఆపి యాదమ్మ ఒళ్లోకి తొంగి చూశాడు. కొరడా గాలిలో ఝళిపించుకుంటూ మా ముందు పరుగెత్తాడు. జనం రెండుగా చీలిపోయారు. చార్మినారు కనిపించే దాకా అలా పరుగెత్తి, రొప్పుతూ పక్కకు తప్పుకుని, "జెల్ది పోన్రి" అన్నాడు. ఆయన పేరు కూడా మాకు తెలియదు.

మూసీ ఒడ్డున

నది ఒడ్డున ఉన్న పెద్ద దవాఖానలో పిల్లను వెంటనే చేర్చుకున్నారు. కాలి నరంలోకి సూది గుచ్చి గ్లూకోజు సీసా వేలాడదీశారు. ఐలయ్యకు కబురు చెప్పి మల్లేశును చూసుకోవడానికి శారద ఇంటికి వెళ్లింది. పిల్ల కాలు నా బొటనవేలి కంటే కొంచెం లావుంటుందేమో. యాదమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని సీసాలో బొట్లు పడడం చూస్తూ ఉంది. నేను వరండా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. నడుము నొప్పి, ఆకలి, చీర అంతా తడి. పక్కన ఎవరో ఒక బురఖా ఆవిడ తన టిఫిను డబ్బాలోంచి రెండు రొట్టెలు, కాస్త ఖీమా నా చేతిలో పెట్టింది. మాంసం తినను అని చెప్పడానికి కూడా సిగ్గేసి, రొట్టెలు మాత్రం తీసుకున్నాను. ఆమె అర్థం చేసుకుని మామిడికాయ పచ్చడి వేసింది. ఆమె మనవడు లోపల ఉన్నాడు.

మధ్యాహ్నం దాటాక మల్లమ్మ వచ్చింది. బోనం దించి తిన్నగా అక్కడికే నడిచి వచ్చిందట. కాళ్లకు బురద, మొహాన పసుపు కరిగి చారలు. పిల్ల మంచం కాళ్ల దగ్గర కూర్చుని, చల్లబడిన ఆ పాదాలను అరచేతుల్లో పెట్టుకుంది. చీకటి పడే దాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

మర్నాడు ఉదయం పిల్ల కళ్లు తెరిచి గుక్కపట్టి ఏడ్చింది. అంత పెద్దగా ఏడుస్తుంటే వార్డులో ఎవరూ విసుక్కోలేదు. మంగళవారం ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఈలోగా నా సెలవు అయిపోయింది. చెరువు గట్టుకు మళ్లీ వెళ్లనే లేదు.

మంగళవారం దవాఖాన నుంచి వచ్చే ముందు ఆడ డాక్టరు యాదమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, "ఒంట్లో రక్తం లేదు. ఇక కాన్పులు వద్దు. పిల్లలు పుట్టకుండా ఆపరేషను ఉంది, మీ ఇంట్లో వాళ్లు ఒప్పుకుంటే రా" అంది.

మల్లమ్మ ముందుకు వచ్చింది. "గీ ఇద్దరు ఉంటరని నువ్వు రాసిస్తవా డాక్టరమ్మా?"

డాక్టరు కసురుకోలేదు. ఆమె కూడా అలసిపోయి ఉంది. "రాసివ్వలేనమ్మా. ఎవరూ రాసివ్వలేరు. కాని ఇంకో కాన్పు వస్తే ఈమె ఉంటుందని కూడా నేను చెప్పలేను."

మల్లమ్మ బయటికి నడిచింది. పిల్లను ఎత్తుకుని యాదమ్మ, నేను వెనకే వెళ్లాం.

నయాపూల్

వంతెన సగం దాటేసరికి మల్లమ్మ నడక ఆగిపోయింది. పిట్టగోడ పక్కన కాలిబాట మీద కూలబడింది. కింద మూసీలో ఎర్రనీళ్లు. జట్కాలు, సైకిళ్లు, బస్సులు మమ్మల్ని ఒరుసుకుంటూ పోతున్నాయి. కళ్లు తిరిగాయేమో అని నేను వంగాను. ఆమె నా చెయ్యి పక్కకు నెట్టి యాదమ్మను చూసింది.

"రాజమ్మ" అంది. "బాలయ్య. ఎంకటి. పెద్ద పోచమ్మ, చిన్న పోచమ్మ. ఒకనికి పేరు పెట్టలే, పెట్టెటందుకు దినాలు లెవ్వు. గప్పుడు నీ మొగడు."

యాదమ్మ పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది. "నీ కొడుకు మొదటోడు గాదా అత్తా?"

"ఎవలకు జెప్పలే. చెప్తే ఏమొస్తది? ఒకలు పోతే ఒకలను కన్న. మా అత్త గూడ నాతోని గదే అన్నది, ఇంకొకలను కను అని. నేను నీతోని అంటున్న." ఆమె ఊపిరి పీల్చుకుంది. "పిల్లలు పోతే మల్ల కన్న. నువ్వు పోతే నిన్నేడికెల్లి తెద్దు బిడ్డా?"

యాదమ్మ ఆమె పక్కన నేల మీద కూర్చుంది. నేను కూడా కూర్చున్నాను. నా రైలు ఆ సాయంత్రమే. కాని లేవాలనిపించలేదు.

కొంతసేపటికి మల్లమ్మ చేతులు చాచింది. "పిల్లను నాకియ్యి. పో, ఒప్పుకున్నమని ఆ డాక్టరమ్మకు చెప్పి రా. ఐలయ్యతోని నేను మాట్లాడ్త, నీకు ఫికర్ వద్దు. నేను ఈడనే కూసుంట."

యాదమ్మ లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. మల్లమ్మ "పో" అన్నట్టు గడ్డం ఎత్తింది. ఆమె వంతెన మీది జనంలోకి, దవాఖాన వైపు, ఒంటరిగా నడిచి వెళ్లింది.

మల్లమ్మ పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, జోకొడుతున్నట్టు వీపు తడుతూ, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. రాజమ్మ. బాలయ్య. ఎంకటి.